ములాఖత్ గేటు దగ్గర సర్వే చేయబోతే ఒక అవ్వ కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది. అసలు ఏం అడగాలి?

రేణిగుంట_జంక్షన్
ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చివరి సంవత్సరం. ప్రాజెక్టుకి జైలు సంస్కరణలు తీసుకున్నా. లోపలికి పోయి మాట్లాడటానికి పర్మిషన్ లెటర్ పెట్టి రెండు నెలలైంది, ఫైలు ఏ టేబుల్ మీదుందో ఎవరికీ తెలీదు. "అంతదాకా ఊరికే ఉండకు, ములాఖత్‌కి వచ్చే ఇంటివాళ్ళతో మాట్లాడు" అన్నారు మా గైడు సార్. సరేనని పాత థీసిస్ ఒకటి ముందు పెట్టుకుని 42 ప్రశ్నలు తయారుచేసి, ఇక్కడే ఒక సబ్ జైలు (ఏదో చెప్పను) గేటు బయట వేపచెట్టు కింద మంగళవారం పొద్దున్నే కూర్చున్నా.

మొదట దొరికింది వెదురుకుప్పం అవతల పల్లె నుంచి వచ్చిన అవ్వ. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక లుంగీ, రెండు సబ్బులు, బిస్కెట్లు. వయసు, కులం, ఆదాయం, ఇంట్లో ఎంతమంది, ఇవన్నీ బాగానే చెప్పింది. ఏడో ప్రశ్న "నేరానికి దారితీసిన కుటుంబ పరిస్థితులు ఏమిటి?" అది చదవగానే నా చేతిలో కాగితం తీసుకుంది, నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "వాడు చేసినాడా లేదా అని కోర్టే ఇంకా తేల్చలే, నువ్వు అప్పుడే యాల చేసినాడని అడగతా ఉండావు. నేను ఇంత దూరం ఎట్ల వచ్చినానో అడిగినావా ఒక మాటన్నా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజులుగా ఆ మాటే తిరుగుతా ఉంది. నిజంగానే నా 42లో ఆ ప్రశ్న లేదు. ఇక్కడ లాయర్లు, జైలు చూసినవాళ్ళు, ఇంట్లో ఎవరైనా లోపల ఉన్నవాళ్ళు ఉంటే చెప్పండి. మీరైతే ఏం అడగమంటారు?

సంగటిముద్ద
42 ప్రశ్నలా? పెళ్ళిచూపుల్లో మా అత్తగారు కూడా అన్ని అడగలేదు. అవ్వ మంచిది కాబట్టి మడిచి ఇచ్చింది.

అలిపిరి_మెట్లు
నాకొక డౌటు. సుప్రీంకోర్టు తీర్పులు కుప్పలుగా ఉన్నాయి, కమిటీలు వేశారు, జైళ్ళ సంస్కరణ మీద వేసిన ముల్లా కమిటీ 1983లోనే రిపోర్టు ఇచ్చింది. ఇంకా ఈ రీసెర్చులు ఎందుకు? మార్కుల కోసమైతే చేసుకోండి, కాదనను. సంస్కరణ అని పేరు పెట్టొద్దు.

నల్లకోటు_జూనియర్
నాలుగేళ్ళుగా చిత్తూరులో ప్రాక్టీసు, నల్లకోటు ఇంకా బూడిద రంగుకి రాలేదు కాబట్టి జూనియర్‌నే.

చెల్లీ, నీ 42 పక్కన పెట్టి ఒక్కటి అడుగు: "బెయిల్ వచ్చిందా? వస్తే ఎందుకు ఇంకా లోపలే ఉన్నాడు?" జనం అనుకునేది బెయిల్ ఆర్డర్ వస్తే మనిషి బయటికి వస్తాడని. ఆర్డర్‌లో ఇద్దరు ష్యూరిటీలు (పూచీ ఇచ్చేవాళ్ళు), ఒక్కొక్కరికి ఇంత అని ఉంటుంది. ఆ ఇద్దరు దొరకాలి. వాళ్ళకి పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో ఉండాలి, ఆ ఆస్తి విలువకి సర్టిఫికెట్ కావాలి, ఇద్దరూ కూలి వదులుకుని కోర్టుకి రావాలి. కూలి చేసుకునేవాడికి ఆస్తి ఉన్న స్నేహితులు ఇద్దరు ఎక్కడ దొరుకుతారు?

అలిపిరి అన్నా, నువ్వు చెప్పిన తీర్పుల్లోనే ఒకటి చూడు. 1978 మోతీరామ్ కేసు. ఆయనొక తాపీ మేస్త్రీ. మేజిస్ట్రేటు పది వేలకి ష్యూరిటీ అడిగాడు, తమ్ముడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని కొట్టేసి, పేదవాడికి డబ్బుతో కొలిచే బెయిల్ పెట్టొద్దని చెప్పారు. దాదాపు యాభై ఏళ్ళు. నేను పోయిన వారం కూడా "వేరే జిల్లా ష్యూరిటీ కుదరదు" అనే మాట విన్నా, ఏ కోర్టో చెప్పను. తీర్పుకీ గేటుకీ మధ్య ఏం జరుగుతోందో తీర్పు చదివితే తెలీదు, ఆ అవ్వని అడిగితే తెలుస్తుంది.

అలిపిరి_మెట్లు
అది అమలు సమస్య. అమలుకి ఆఫీసర్లు కావాలి, సర్వేలు కాదు.

లెక్కలమాస్టారు
అమలు కావట్లేదని ముందు లెక్క తేలాలి కదా సార్.

ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ళ 2022 జైలు లెక్కల్లో దేశమంతా కలిపి 5,73,220 మంది ఖైదీలు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75.8. నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు, అవ్వ అన్నది అక్షరాలా అదే. జైళ్ళలో నూరు మందికి చోటుంటే 131 మంది ఉన్నారు. చదువు, కులం, వయసు, ఎన్ని నెలలుగా ఉన్నారు, అన్నీ ఆ పుస్తకంలో పట్టికలుగా ఉంటాయి.

అయితే బెయిల్ వచ్చి కూడా బయటికి రానివాళ్ళు ఎంతమంది? 2022 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవం సభలో రాష్ట్రపతి ముర్ము గారు చిన్న చిన్న నేరాలకి ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గే పేదవాళ్ళ గురించి మాట్లాడారు. ఆ తర్వాత మూడు రోజులకే సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఈ లెక్క అడిగింది. అప్పుడు నల్సా (జాతీయ న్యాయసేవా సంస్థ) తీసిన లెక్కలో ఐదు వేల మంది దాకా తేలారు. ఆ పనిలోనే 1,417 మంది విడుదలయ్యారు. వాళ్ళు అంతకుముందు రోజు కూడా లోపలే ఉన్నారు, కాకపోతే లెక్కలో లేరు. అడిగాక పుట్టిన లెక్క అది.

తమ్ముడికోసం
చదివి ఊరుకుందామనుకున్నా, కుదర్లేదు.

మా తమ్ముడికి బెయిల్ వచ్చిన రోజు మా వీధిలో స్వీట్లు పంచినా. ఆ స్వీట్లకి నేనిచ్చిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలీదు, ఎందుకంటే వాడు ఇంటికి వచ్చింది అది జరిగిన మూడు నెలలకి. రెండు ష్యూరిటీలు కావాలన్నారు. మా భూమి ఎకరా పది సెంట్లు, పాసుపుస్తకం మా తాత పేరు మీదే ఉంది, తాత పోయి పదేళ్ళు. భాగాలు పంచుకోలేదు. చిన్నాయన "నా సంతకం కావాలంటే ముందు బావి వాటా తేల్చు" అన్నాడు. చూడండి, తమ్ముడు జైల్లో, ఇక్కడ బావి పంచాయతీ.

కోర్టు బయట టీ అంగడి దగ్గర ఒకాయన వచ్చి "అమ్మా ష్యూరిటీ కావాల్నా, నేను చూసుకుంటా" అని రేటు చెప్పినాడు. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలో నేను రెండు నెలలు నిలబడి చేస్తే వచ్చేది ఆ రేటు. భయమేసి వద్దన్నా. తర్వాత తెలిసింది, అట్లాంటివాళ్ళు ఒకే పాసుపుస్తకం పది కేసుల్లో పెడతారంట, దొరికితే మన బెయిలే పోతుంది.

ఆఖరికి ఎవరో చెప్తే 15100 కి ఫోన్ చేసినా. జిల్లా న్యాయసేవా సంస్థ నుంచి ఒక మేడం మాట్లాడి, ష్యూరిటీ తగ్గించమని పిటిషన్ వేయించింది. ఒక ష్యూరిటీ, సొంత పూచీకత్తు అయింది. బయటికి వచ్చినాడు. ఆ మేడం పేరు మా అమ్మ రోజూ దేవుడి దగ్గర చెప్తుంది.

నన్ను ఎవరైనా అడిగి ఉంటే నేను చెప్పేది ఒకటే, ఆ నంబరు జైలు గేటుకి పెద్దక్షరాల్లో రాయండి. మూడు నెలలు నేను ఆ గేటు ముందు నిలబడినా, "సెల్‌ఫోన్లు నిషేధం" అని మాత్రం ఉండేది.

సంగటిముద్ద
ష్యూరిటీలన్నీ తీసేసి కాణిపాకంలో ప్రమాణం పెట్టండి. మన జిల్లావాళ్ళు కోర్టుకి అబద్ధం చెప్తారేమో గానీ ఆ వినాయకుడి ముందు చెప్పరు.

నల్లకోటు_జూనియర్
@తమ్ముడికోసం అక్కా, మీకు ఆ మూడు నెలలు పట్టాల్సిన పని లేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవా సంస్థకి చెప్పాలి. నెలలోపు ష్యూరిటీ పెట్టకపోతే కోర్టు తనంతట తానే షరతు తగ్గించొచ్చో లేదో చూడొచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల పథకం పెట్టింది, అప్పట్లో విచారణ ఖైదీకి బెయిల్ కోసం 40,000 దాకా, జరిమానా కట్టలేక ఉండిపోయిన శిక్ష ఖైదీకి 25,000 దాకా. సర్వేలో ఇది కూడా అడుగు చెల్లీ, "ఈ పథకం గురించి ఎవరైనా మీకు చెప్పారా" అని. జవాబు నాకు తెలుసు, కానీ కాగితం మీద ఉండాలి.

కిరాణాకొట్టు_పుత్తూరు
అందరూ లోపల ఉన్నోళ్ళ గురించే. మా కొట్టు షట్టర్ పగలగొట్టి గల్లాపెట్టెలో డబ్బు, ఫోను, సిగరెట్ కార్టన్లు ఎత్తుకుపోయినోళ్ళ గురించి కూడా ఏడవండి ఇంక. నాకు ష్యూరిటీ ఎవరిచ్చినారు?

ఆ రోజు నుంచి చెప్తా. ఫిర్యాదు ఇచ్చినా. ఇద్దరు కుర్రాళ్ళు దొరికినారు, ఫోను దొరికింది. ఆ ఫోను కేసు ప్రాపర్టీ అన్నారు, దాన్ని తెచ్చుకోవడానికి పిటిషన్, లాయరు ఫీజు. సాక్షి సమన్లు వచ్చినప్పుడల్లా కొట్టు మూసి పోవడం, పోతే జడ్జిగారు లీవు, ఇంకోసారి ముద్దాయిని తేలేదు, వెంట తీసుకొచ్చే పోలీసు ఎస్కార్ట్ లేదంట. ఐదు సార్లు పోయినా. మెట్ల మీద కూర్చున్నాం, నేనొక పక్క, ఆ కుర్రాడి అమ్మ ఇంకో పక్క. ఆమె వడ తింటా నాకూ ఒకటి ఇచ్చింది, నేను ఎవరో ఆమెకి తెలీదు. నేను చెప్పలేదు.

మీ సర్వేలో నాలాంటోడు ఉంటాడా ఉండడా?

రేణిగుంట_జంక్షన్
@కిరాణాకొట్టు అన్నా, నిజం చెప్తున్నా, మీరు నా తలలోనే లేరు. ఇప్పుడు రాసుకున్నా. ఆ వడ సంగతి కూడా.

అలిపిరి_మెట్లు
కిరాణా అన్నతో ఏకీభవిస్తా. సర్వేలో అడగాల్సిన జనం అంటే ముద్దాయి వీధి మాత్రమే కాదు.

మూడోబ్యారక్
ఏడు నెలలు. జాతరలో కొట్లాట, పది మంది మీద కేసు, నేను అక్కడ లేనని తర్వాత కోర్టే చెప్పి కొట్టేసింది. ఆ ఏడు నెలలు ఎవరూ తిరిగి ఇవ్వరు, దాని గురించి రాయను, బీపీ వస్తుంది.

లోపల నా పని ఏంటో తెలుసా, చదవడం. మా బ్యారక్‌లో సగానికి పైగా వాళ్ళ రిమాండ్ కాగితం వాళ్ళు చదువుకోలేరు. సాయంత్రం లెక్కపెట్టి తాళం వేసినాక ఒక్కొక్కరు మడతలు పడిన కాగితం తీసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. "అన్నా నా మీద ఏ సెక్షన్ రాసినారు?" "అన్నా నా లాయర్ పేరు ఏముంది?" ఒకాయన మూడు వాయిదాలు అయినా తన లాయరు ఆడో మగో తెలీకుండా ఉన్నాడు. వాయిదా తేదీలు మర్చిపోకుండా చొక్కా కాలర్ లోపలి పక్క బాల్‌పెన్నుతో రాసుకునేవాళ్ళు. ఉతికితే పోతుందని కొందరు ఆ చొక్కా ఉతకరు.

వాయిదా అంటే కోర్టుకి పోవడం అనుకునేరు. చాలాసార్లు టీవీ ముందు కూర్చోబెడతారు. తెర మీద జడ్జిగారు, మైకులో గరగర, పేరు పిలుస్తారు, "ఉన్నా సార్" అంటే అయిపోయింది, మళ్ళీ పద్నాలుగు రోజులు. ఒకసారి నా పేరు బదులు ఇంకొకరి పేరు పిలిచినారు, ఆ మనిషి అప్పటికే విడుదలైపోయినాడు.

చెల్లీ, ప్రశ్నలు రాసేటప్పుడు నాలాంటోడిని ఒకడిని పక్కన కూర్చోబెట్టుకో. జవాబులు చెప్పడానికి కాదు. మీ గైడు సార్‌కి కాలర్ లోపల తేదీ ఉంటుందని తెలీదు, తెలీనిది ఆయన ఎట్ల అడగతాడు?

పాతతాళం
ముప్పై ఒక్క ఏళ్ళు వార్డర్‌గా, హెడ్ వార్డర్‌గా చేసి రిటైరైనాను. నెల్లూరు, కడప, మధ్యలో సబ్ జైళ్ళు. ఇక్కడ చదివితే జైలు అంటే రాక్షసులు కాపలా కాసే చోటులా ఉంది.

ఎస్కార్ట్ లేదు లేదు అంటారు. ఎస్కార్ట్ ఇచ్చేది జైలు కాదు, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులు. మంత్రిగారు వచ్చినా, బ్రహ్మోత్సవాలు వచ్చినా మొదట తగ్గేది మా ఎస్కార్టే. రాత్రి డ్యూటీలో ఒక్కడినే రెండు బ్యారక్‌లు చూసిన రోజులు ఉన్నాయి. ఒకడికి ఫిట్స్ వస్తే, ఇంకొకడు నొప్పి అంటే, తాళం తీయాలంటే ఇంకో మనిషి రావాలి. నా కూతురి పెళ్ళి చూపులకి లీవు దొరకలేదు, నేను కూడా లోపలే ఉన్నా బాబూ, కాకపోతే జీతం ఇచ్చినారు. మమ్మల్ని ఏ రీసెర్చోడూ అడగలేదు. అడిగినవాళ్ళు కూడా సూపరింటెండెంట్ గారి రూంలో టీ తాగి పోయినారు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. నేను చేసిన ఒక చోట రిజిస్టర్‌లో కులం గడి ఉండేది. వంట ఎవరికి, లెట్రిన్ కడిగే పని ఎవరికి అని ఎవరూ నోటితో చెప్పేవాళ్ళు కాదు, ఆ గడి చూస్తే పని అదే పంచుకుపోయేది. నేను కూడా పంచినా. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ గడి తీసేయమంది, కులాన్ని బట్టి పని ఇవ్వకూడదంది. పేపర్లో చదివినాక చానాసేపు ఊరికే కూర్చున్నా.

మూడోబ్యారక్
@పాతతాళం సార్, మిమ్మల్ని రాక్షసుడు అనలేదు. మా హెడ్ వార్డర్ ఒకాయన తన డబ్బుతో నాకు జ్వరం మాత్రలు తెచ్చినాడు. అదే ఆయన ఇంకొకడిని చెంప మీద కొట్టడం కూడా చూసినా. రెండూ రాయాలి.

పాతతాళం
రాయి.

సోదిబుట్ట
పాతతాళం గారు కులం గడి అన్నారు కాబట్టి చెప్తున్నా. మాది ఎరుకల ఇల్లు. మా జేజమ్మ బుట్టలల్లి సోది చెప్పేది. మా జేజినాయనకి ఇంకో పనుండేది, స్టేషన్‌కి పోయి నేను ఊర్లోనే ఉన్నానని కనిపించి రావడం. ఆయన ఏ నేరమూ చేయలేదు, పుట్టడమే నేరం. 1871లో తెల్లవాళ్ళు చేసిన నేరస్థ తెగల చట్టం అది, 1911లో మన మద్రాసు రాజధానికి కూడా తెచ్చినారు. 1952కి దేశమంతా తీసేసినారు, మమ్మల్ని విముక్త జాతులన్నారు. పేరు మంచిదే.

ఇప్పుడు నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. మూడేళ్ళ కిందట పక్క వీధిలో గొలుసు పోతే పోలీసులు మొదట వచ్చింది మా వీధికే. మా తమ్ముడు డిగ్రీ సర్టిఫికెట్లు చూపించినాడు. ఎవరైనా ప్రూఫ్ అంటే ఆధార్ చూపిస్తారు, మేము డిగ్రీ చూపించాలి.

రేణిగుంట చెల్లెమ్మా, నీ సర్వే జైలు గేటు దగ్గర మొదలైతే ఆలస్యమైనట్టే. "మీ ఇంటికి పోలీసులు మొదటిసారి ఎప్పుడు వచ్చినారు, ఏం కారణం చెప్పినారు" అని వీధిలో అడుగు. కేసు పుట్టేది అక్కడ.

జవ్వాదిగాలి
తమిళం గురించి ఎవరూ ఎత్తలేదే.

నేను తిరుపతిలో ఉంటా, సొంతూరు తిరువణ్ణామలై పక్క. ఎర్రచందనం కేసుల్లో పట్టుబడే కూలీలు ఎక్కువమంది జవ్వాదు కొండలవాళ్ళు. తెలుగు రాదు, చాలామందికి తమిళం చదవడం కూడా రాదు. 2013 డిసెంబర్‌లో శేషాచలంలో ఇద్దరు ఫారెస్టు అధికారులని చంపేశారు, ఘోరం, అందులో రెండో మాట లేదు. దానికి వందల మంది కూలీల మీద కేసు పెట్టారు. ఏళ్ళు లోపల ఉన్నాక 2016లో తిరుపతి కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ మధ్యలోనే 2015 ఏప్రిల్ 7న ఎన్‌కౌంటర్లో ఇరవై మంది పోయారు. చందనం కొనేవాడు, ఓడ ఎక్కించేవాడు ఆ కొండల్లో ఉండడు.

నేను కోర్టు దగ్గర ఆ కుటుంబాలకి ఊరికే మాట సాయం చేస్తుంటా. ఒకామె భర్త పేరు తెలుగు కాగితంలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది, ఇంటిపేరు గడిలో తండ్రి పేరు రాశారు. తమిళులకి ఇంటిపేరు ఉండదు కదా! ములాఖత్ లిస్టులో పేరు కలవలేదని ఆమెని వెనక్కి పంపారు, బస్సు చార్జీలకి తాళి తాకట్టు పెట్టి వచ్చిన మనిషిని. నల్లకోటు చెప్పిన "వేరే జిల్లా ష్యూరిటీ" వీళ్ళకి వేరే రాష్ట్ర ష్యూరిటీ, ఇంక చూసుకోండి.

సర్వే కాగితం తమిళంలో కూడా కావాలంటే నేను చేసిస్తా, డబ్బులొద్దు.

సంగటిముద్ద
జోకు వేద్దామని వచ్చా. ఈ పోస్టు కింద వేయలేను. తర్వాత వస్తా.

పాకాల_టు_ఓక్లండ్
నేను ఉండేది కాలిఫోర్నియా, ఊరు పాకాల. మూడోబ్యారక్ అన్న చెప్పిన "పక్కన కూర్చోబెట్టుకో" అనే పద్ధతి ఇక్కడ చాలాచోట్ల ఉంది, అందుకే రాస్తున్నా. న్యూయార్క్ రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ హిల్స్ అని ఆడవాళ్ళ జైలు. 1994లో ఖైదీల కాలేజీ చదువుకి కేంద్ర సాయం ఆపేస్తే అక్కడ కాలేజీ మూతపడింది, తర్వాత ఖైదీలూ ఊరివాళ్ళూ కలిసి మళ్ళీ తెరిపించారు. మిషెల్ ఫైన్ అనే ప్రొఫెసర్ ఆ చదువు వల్ల ఏమైందో తేల్చే రీసెర్చ్ చేసింది, టీంలో లోపలున్న ఆడవాళ్ళే పరిశోధకులు. 2001లో రిపోర్టు. కాలేజీ చదివినవాళ్ళలో మూడేళ్ళలోపు మళ్ళీ జైలుకి వచ్చింది 7.7 శాతం, చదవనివాళ్ళలో 29.9.

మా ఓక్లండ్‌లోనే ఎల్లా బేకర్ సెంటర్ అని ఉంది, ఇంకొన్ని సంస్థలతో కలిసి 2015లో ఖైదీల కుటుంబాలతోనే కుటుంబాలని అడిగించారు, ఖర్చు ఎవరు మోస్తున్నారని. కోర్టు ఖర్చులు ఇంటివాళ్ళ మీద పడినచోట మోసేది 83 శాతం ఆడవాళ్ళే. ఫోన్లకి, ములాఖత్‌లకి పోయే ఖర్చుతోనే మూడింట ఒక వంతు కుటుంబాలు అప్పులపాలయ్యాయి. వెదురుకుప్పం అవ్వ అడిగిన ప్రశ్న అదే కదా. ఆవిడకి ఓక్లండ్ ఎక్కడుందో తెలీదు, అంతే.

సంగటిముద్ద
వచ్చా. ఎన్నారై అన్న పాకాల జంక్షన్ బజ్జీల గురించి చెప్పకుండా పోస్టు ముగించడం ఇదే మొదటిసారి.

లెక్కలమాస్టారు
@పాకాల 7.7కీ 29.9కీ మధ్య తేడా అంతా చదువు వల్లే అనలేం బాబూ. కాలేజీలో చేరినవాళ్ళు ముందునుంచే మారాలనుకున్నవాళ్ళు అయ్యుండొచ్చు. మంచి పని అంటే ఒప్పుకుంటా, అంకె దగ్గర జాగ్రత్త.

అదే జాగ్రత్త రేణిగుంట అమ్మాయికీ. గేటు దగ్గరికి వచ్చేవాళ్ళనే అడిగితే రానివాళ్ళు లెక్కలోంచి పోతారు. బస్సు చార్జీ లేక రానివాళ్ళు, సిగ్గుతో రానివాళ్ళు, వదిలేసినవాళ్ళు. వాళ్ళ కష్టం ఇంకా ఎక్కువుండొచ్చు.

పాకాల_టు_ఓక్లండ్
ఒప్పుకున్నా మాస్టారూ. నేను చెప్పాలనుకున్నది అంకె కాదు, ప్రశ్న ఎవరు రాశారు అనేది. (బజ్జీలు గుర్తు చేసినందుకు సంగటిముద్దకి శాపం.)

తమ్ముడికోసం
మాస్టారు చెప్పింది నిజం. మా నాయన ఒక్కసారి కూడా ములాఖత్‌కి రాలేదు. కోపమని అందరికీ చెప్పేవాడు. వాడు బయటికి వచ్చినాక తెలిసింది, ప్రతి మంగళవారం నేను బస్సెక్కేదాకా బస్టాండ్ వెనకాల నిలబడి చూసి పోయేవాడంట.

నల్లకోటు_జూనియర్
అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేను కొంచెం చల్లనీళ్ళు పోస్తా.

చెల్లీ, కేసు నడుస్తున్న మనిషి గురించి వాళ్ళింట్లోవాళ్ళు నీకు చెప్పే ఏ మాటైనా రేపు వాళ్ళకే ఎదురు తిరగొచ్చు. లాయరుకి చెప్పిన మాటకి చట్టంలో రక్షణ ఉంది, నీ నోటుబుక్కుకి లేదు. అందుకే "ఏం జరిగింది" అనేది అడగనే అడగకు, వాళ్ళంతట వాళ్ళు చెప్పినా రాయకు. వాయిస్ రికార్డింగ్ వద్దు. పేరు బదులు నీకు మాత్రమే తెలిసే గుర్తు పెట్టుకో. ముంబైలో టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) వాళ్ళ ప్రయాస్ అనే ప్రాజెక్టు 1990 నుంచి ఖైదీలతో, కుటుంబాలతో పని చేస్తోంది, మీ గైడు సార్‌ని వాళ్ళతో ఒకసారి మాట్లాడమను. అన్నేళ్ళు గేట్లు తెరిపించుకున్నవాళ్ళకి ఏది అడగకూడదో తెలిసుంటుంది.

ఇంకోటి, మొదటిసారి కేసులో ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళు కనిపిస్తే ఇది చెప్పు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), సెక్షన్ 479. ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే, మొదటిసారి నిందితుడిని బాండ్ మీద వదలాలి. మిగతావాళ్ళకి సగం. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి కాదు, ఇంకో కేసు ఉన్నా కుదరదు. కోర్టుకి అప్లికేషన్ పెట్టాల్సింది సూపరింటెండెంట్. పాత కేసులకి కూడా వర్తిస్తుందని ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అలిపిరి_మెట్లు
సమాచారం తీసుకుని పోయే మనిషి సమాచారం ఇచ్చి కూడా రావాలి అంటావు. ఇది నాకు నచ్చింది. రీసెర్చ్ అంటే ఇప్పటికీ నమ్మకం లేదు గానీ, ఇది నచ్చింది.

కిరాణాకొట్టు_పుత్తూరు
వచ్చినోళ్ళకి ఒక టీ, బన్ను ఇప్పించమ్మా. వాళ్ళ టైం తీసుకుంటా ఉండావు. నాకు సమన్లు వచ్చినప్పుడు ఎవరూ ఇప్పించలేదు.

మోడరేటర్
రెండు పోస్టులు తీసేశాను, అందులో క్రైమ్ నంబరు, ఊరి పేరుతో సహా ఉన్నాయి. మీ కేసైనా సరే ఇక్కడ నంబర్లు పెట్టొద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

రేణిగుంట_జంక్షన్
పదిహేను రోజులు కనపడలేదు, సారీ. 42 ప్రశ్నలు చించేశా. మా గైడు సార్ మొదట ఒప్పుకోలేదు, "శాంపిల్ ఏది, స్కేల్ ఏది" అన్నారు. కాలర్ లోపల తేదీ సంగతి చెప్పాక "సరే, నాలుగు వారాలు చేసి చూపించు" అన్నారు. మూడోబ్యారక్ అన్న రెండు సాయంత్రాలు నాతో లీలామహల్ దగ్గర కూర్చుని ప్రశ్నలు తిరగరాశారు, "మీకు అర్థమైందా?" అని రాస్తే "అట్ల అడిగితే అందరూ అర్థమైంది అంటారు, కాగితంలో ఏముందో వాళ్ళనే చెప్పమను" అని మార్పించారు. తమిళం జవ్వాదిగాలి గారు. పాతతాళం సార్ ఇద్దరు రిటైరైన వార్డర్లతో మాట్లాడిస్తానన్నారు. కిరాణా అన్న టీ, బన్ను ఖర్చు మా ఫ్రెండ్స్ ముగ్గురం పంచుకుంటున్నాం. గేటు పక్క గోడకి 15100 అంటించమని అడిగా, "పైనుంచి ఆర్డర్ రావాలి" అన్నారు. టీ అంగడాయన మాత్రం తన బోర్డు కింద అంటించుకున్నాడు.

నిన్న అవ్వ మళ్ళీ వచ్చింది. నన్ను గుర్తుపట్టి పక్కకి పోబోతుంటే, "అవ్వా, ఈసారి నువ్వు చెప్పింది నీకే చదివి వినిపిస్తా, తప్పుంటే కొట్టేస్తా" అన్నా. కూర్చుంది. ఎట్ల వచ్చావో చెప్పమంటే అరగంట చెప్పింది. రాసుకున్నది చదివా: నాలుగింటికి లేచి, పల్లె నుంచి వెదురుకుప్పం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఒక రోజు కూలి పోయింది, లోపల మాట్లాడింది పది నిమిషాలు.

వేలితో కాగితం మీద కొట్టి ఆపింది. "మా పల్లెకి బస్సు యాడుంది? రోడ్డు దాకా నడిచినా. అది రాయి. దిగినాక ఆటో ముప్పై రూపాయలు, అది రాయలేదే?"

సంగటిముద్ద
రాసినావా?

రేణిగుంట_జంక్షన్
రాసినా. పక్కన కూర్చున్నామె "నాకు ఆటో నలభై తీసుకున్నాడు" అంది. ఇద్దరూ ఆటోవాడిని తిట్టుకుంటా లోపలికి పోయినారు.